అది దేవుడికి, ఇప్పుడు నాకు చెప్పు

ఎర్ర బియ్యం ఉడికేటప్పుడు ఒక వాసన వస్తుంది. తడిసిన మట్టి వాసన అని నేనంటాను. కాదు, ఎండుగడ్డి వాసన అంటాడు మా ఆయన. సౌదీలోని ఈ హుఫూఫ్ చుట్టూ ఉన్న తోటల్లో, ఖర్జూరపు చెట్ల మధ్య నీళ్లు నిలబెట్టి పండించే బియ్యమిది. ఇక్కడి అరబ్బు ఆడవాళ్లు బాలింతలకు ఇదే వండి పెడతారు. కింది అంతస్తులో ఉన్న శిరీషకు మొన్ననే కాన్పు అయింది. నిజామాబాద్ పిల్ల, మొదటి కాన్పు, తోడు రావలసిన తల్లికి వీసా రాలేదు. ఈ పొద్దు ఆ పిల్ల కోసం జావ కాద్దామని పొయ్యి మీద గిన్నె పెట్టాను. బియ్యం మెత్తబడి ఆ వాసన వంటిల్లంతా పట్టేసరికి, గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అడుగంటిన వాసన వచ్చాక గానీ తేరుకోలేదు. దీనక్క ఉండి ఉంటే "ఏమే, జావ కాస్తున్నావా, బొగ్గు చేస్తున్నావా?" అని ఎద్దేవా చేసేది.

దీనక్క అసలు పేరు దీనమ్మ. పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఒక ఆస్పత్రిలో కాన్పుల వార్డు నర్సుగా తల నెరిసేదాకా పని చేసింది. నాకు ఆమె ఏమవుతుందని అడిగితే చెప్పడానికి మాట దొరకదు. ఆమెది చర్చి, మాది మసీదు. ఆమెది గోదావరి, మాది ప్రొద్దుటూరు పక్క. ఇండియాలోనే ఉండి ఉంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లం కాదు. మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, తక్కినదంతా తెలుగులో. చిన్నప్పుడు మా అమ్మ నాకు నేర్పిన మొదటి మర్యాద ఏమిటంటే, ఎవరైనా "ఎట్లుండావు?" అని అడిగితే "అల్‌హమ్దులిల్లా" అనాలి. దేవుడి దయ, అంతా బాగుంది అని. జ్వరం కాగుతున్నా అదే మాట, కాలు బెణికినా అదే మాట. బాధలు చెప్పుకుంటే దేవుడిచ్చిన దాన్ని తప్పు పట్టినట్టు అవుతుందని అమ్మ నమ్మకం. మాబున్నికి నోట్లో నాలుకే లేదని మా వీధిలో నన్ను మెచ్చుకునేవాళ్లు. నేనూ మురిసిపోయేదాన్ని.

పెళ్లయి, మా ఆయన మస్తాన్ పనిచేసే హుఫూఫ్‌కి వచ్చాను. ఆయన ఏసీలు బాగుచేస్తాడు. ఏడో నెల నిండగానే పుట్టింటికి పోవాలని ముందే అనుకున్నాం. మొదటి కాన్పు పుట్టింట్లో కాకపోతే ఎట్లా? టికెట్ తీసుకున్నాం, పెట్టె సర్దుకున్నాను. ప్రయాణానికి ముందు ఒకసారి చూపించుకుందామని ఆస్పత్రికి వెళ్లాం. బయట బెంచీ మీద కూర్చుని మస్తాన్‌తో నా గోడు చెప్పుకుంటున్నాను. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదని, పొద్దున్నుంచీ తలనొప్పని, ఒక్కోసారి కళ్ల ముందు మిణుకు మిణుకుమంటోందని. మా పక్కనుంచే తెల్లకోటు వేసుకున్న ఒక నర్సు ఫైళ్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. మలయాళీ అనుకున్నాను.

లోపలికి పిలిచారు. ఈజిప్టు డాక్టరమ్మ, మంచి మనిషి. బీపీ చూసి నుదురు కొంచెం ముడిచింది. ఎలా ఉన్నావంది. అల్‌హమ్దులిల్లా అన్నాను. తలనొప్పి ఏమైనా ఉందా? అల్‌హమ్దులిల్లా. కళ్లు బాగా కనిపిస్తున్నాయా? అల్‌హమ్దులిల్లా. బిడ్డ కదులుతోందా? దానికీ అదే. డాక్టరమ్మ తల ఊపి ఏదో రాసుకోబోతుంటే, మూల నిలబడ్డ ఆ నర్సు గిరుక్కున ఇటు తిరిగింది.

"ఏమే పిల్లా, బయట మొగుడితో ఒక మాట, లోపల డాక్టరుతో ఒక మాటా?" అంది. శుద్ధమైన తెలుగు.

నేను బిక్కచచ్చిపోయాను. ఆమె నా జవాబు కోసం చూడలేదు. బెంచీ మీద నేను చెప్పుకున్నదంతా, కాళ్ల దగ్గరి నుంచి కళ్ల దాకా, గడగడా అరబ్బీలో డాక్టరమ్మకు అప్పజెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టి మళ్లీ బీపీ చూసింది. రక్తం తీశారు, మూత్రం పరీక్ష చేశారు. చివరికి తేల్చిందేమిటంటే, బీపీ మాత్రలు వేసుకోవాలి, వారం వారం రావాలి, విమానం మాత్రం ఎక్కకూడదు.

ఇంటికి వచ్చి నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి, నన్ను మా అమ్మ దగ్గరికి పోనివ్వకుండా చేసిందే అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. మస్తాన్ పెట్టెలోంచి నా బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెడుతుంటే చూడలేక గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇక్కడి ఆస్పత్రిలో కాన్పు గదిలోకి మగవాళ్లను రానివ్వరు. తోడు ఆడమనిషి ఉండాలి. నాకెవరున్నారు? అరబ్బీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నొప్పులు వచ్చినప్పుడు ఆ గదిలో నేనొక్కదాన్నే ఉంటానన్న ఆలోచన వస్తే రాత్రుళ్లు లేచి కూర్చునేదాన్ని.

ఆ శుక్రవారం తలుపు తట్టిన చప్పుడైంది. తీసి చూస్తే ఆ నర్సు. చీరలో ఉంది. చేతిలో ఒక స్టీలు క్యారియర్. మా వీధి చివరే ఉంటుందట, మస్తాన్‌ను అడిగి ఇల్లు కనుక్కుందట.

"లోపలికి రమ్మనవా? లేకపోతే ఇక్కడే నిలబెట్టి తిడతావా?" అంది.

"మిమ్మల్ని నేనెందుకు తిడతానక్కా" అన్నాను, తిట్టిన నోటితోనే.

"తిట్టుకోవే. నేనైనా తిడదును. ఏం అల్లుడుగారూ, ఈవిడ అన్నం తింటోందా? మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో." మస్తాన్‌ను ఆ రోజు నుంచే అల్లుడుగారూ అని పిలవడం మొదలుపెట్టింది. ఎక్కడికెళ్లినా పనివాడిగానే పలకరింపులు అందుకునే మనిషి, ఆ పిలుపుకి సిగ్గుపడిపోయి టీ పెట్టడానికి వంటింట్లోకి పారిపోయాడు. ఆమె క్యారియర్ విప్పింది. ఉప్పు తక్కువ వేసిన బీరకాయ పప్పు, పెరుగన్నం. నేను తింటుంటే మా అమ్మకు ఫోన్ చేయించింది.

అమ్మ అటువైపు ఒకటే ఏడుపు. నా బిడ్డ దిక్కులేనిది అయిపోయిందని. దీనక్క ఆ ఏడుపంతా ఓపికగా విని, "వదినా, బెంగెట్టుకోకండి. మీ అమ్మాయికి నేనున్నాను. మీరు ఏమేం చెయ్యాలనుకున్నారో నాకు చెప్పండి, మీ చేతులు నావి అనుకోండి" అంది. వదినా అనేసరికి అమ్మ ఏడుపు ఆగిపోయింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నానన్న సంగతి మర్చిపోయారు. పుట్టకముందే బిడ్డకు బట్టలు కొనకూడదని, మొదట తొడిగేది పాత గుడ్డే కావాలని అమ్మ చెప్పింది. ఆస్పత్రి వాళ్లేమో సంచీ సర్దుకుని సిద్ధంగా ఉండమన్నారు. దీనక్క ఎవరి మాటా కొట్టెయ్యలేదు. మర్నాడు తన పాత నేత చీర ఒకటి తెచ్చి, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన ఆ చీరను నా ఎదుటే చించి పొత్తిగుడ్డలు చేసింది. "ఇవి కొన్నవి కావుగా. మీ అమ్మా ఒప్పుకుంటుంది, ఆస్పత్రీ ఒప్పుకుంటుంది" అని సంచీలో సర్దింది.

అప్పట్నుంచి డ్యూటీ లేని సాయంత్రాలు ఆమె మా ఇంట్లోనే. ఎండ తగ్గాక మేడ మీదికి తీసుకెళ్లి నడిపించేది. అక్కణ్నుంచి చూస్తే ఊరి చివర ఖర్జూరపు తోటలు నల్లగా కనిపిస్తాయి. నడుస్తూనే నొప్పులు ఎలా మొదలవుతాయి, ఎలా పెరుగుతాయి, మధ్యలో ఎలా ఆగుతాయి అన్నీ చెప్పేది. ఊపిరి ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలమనేది. నాకు నవ్వొచ్చేది. "వేడి కాఫీ ఊదినట్టుండాది అక్కా" అంటే, "ఊదు, ఊదు. ఆ రోజు ఈ కాఫీయే నిన్ను కాపాడుతుంది" అనేది. కాన్పు గది, ఆపరేషన్ గది ఎలా ఉంటాయి, మంచం ఎక్కడుంటుంది, దీపం ఎక్కడుంటుంది, ఏ మిషన్ ఏ చప్పుడు చేస్తుంది, నర్సులు ఎందుకు మాటిమాటికీ వచ్చి చెయ్యి పెట్టి చూస్తారు, అన్నీ నాకు కళ్లకు కట్టింది. తెలియని గది గనక భయం, తెలిసిపోతే అది కూడా మన వంటిల్లులాంటిదే అనేది. నిజంగానే ఆ గదిలో ఎన్నోసార్లు తిరిగి వచ్చినట్టు అనిపించేది నాకు.

కానీ ఆమె నాతో పట్టుబట్టి చేయించింది ఇవేవీ కావు. రోజూ మధ్యాహ్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకోమంది. ఫోను దూరంగా పెట్టమంది. చెయ్యి పొట్ట మీద వేసుకుని, బిడ్డతో ఉండమంది. "ఇది ఎప్పుడు నిద్దరోతుంది, ఎప్పుడు తంతుంది, నీకే తెలియాలి. డాక్టరుకి తెలియదు, నాకు తెలియదు, మిషన్‌కి అసలే తెలియదు. రోజూ ఉన్నట్టు లేదని నీకు అనిపించిందా, తెల్లారేదాకా ఆగొద్దు. లేచి వచ్చెయ్. ఏమీ లేకపోతే నవ్వుకుని ఇంటికెళ్దాం." సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూనే అడిగేది.

"ఎలా ఉన్నావే?"

"అల్‌హమ్దులిల్లా అక్కా."

"సరే. అది దేవుడికి. ఇప్పుడు నాకు చెప్పు."

మొదట్లో బాగానే ఉందక్కా, ఏం లేదక్కా అని గొణిగేదాన్ని. ఆమె ఊరుకునేది కాదు. కూర్చుని నా మొహంలోకి చూస్తూ ఉండేది. ఆ చూపుకు తట్టుకోలేక ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. నడుము లాగుతోందని, రాత్రి కాళ్లు తిమ్మిరెక్కాయని, అమ్మ గుర్తొచ్చిందని, భయమేస్తోందని. చెప్పాక దేవుడికి కోపం వస్తుందేమోనన్న బెరుకు నాకు ఇంకా ఉండేది. ఒకరోజు ఆ మాటే అడిగాను.

"మీ దేవుడి సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు" అంది దీనక్క. "ఆయనకు చెప్పే మాట ఆయనకు చెప్పు. ఎవరొద్దన్నారు? ముందు అదే చెప్పు. కానీ ఆయన ఇక్కడ నన్ను, ఆ డాక్టరమ్మను పెట్టాడు కదా. మాకు చెప్పాల్సింది మాకు చెప్పకపోతే మేమెందుకే ఇక్కడ?" అని, తన వార్డుకు వచ్చిన, ఖర్జూరపు తోటలో పనిచేసే ఒకతని భార్య గురించి చెప్పింది. కడుపులో బిడ్డ కదలడం మానేసినా, అత్త అడిగితే దేవుడి దయ, మొగుడు అడిగితే దేవుడి దయ. చివరికి ఆస్పత్రికి వచ్చినప్పుడు కూడా చిరునవ్వుతో అదే మాట. "తల్లి దక్కింది" అని మాత్రం అని, నా చేతిలోని గ్లాసు తీసుకుని కడగడానికి లేచింది. ఆ రోజు తర్వాత నేను ఇంకేమీ దాచలేదు. నాకు కావలసిన రెండు మూడు అరబ్బీ మాటలు కూడా నేర్పింది. వజా అంటే నొప్పి. హరకా అంటే కదలిక. గలీల్ అంటే తక్కువ. పిల్లలకు ఎక్కాలు చెప్పించినట్టు నడుస్తూ నాచేత చెప్పించేది.

ఇంత చెప్పే మనిషి, తనను ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే ఏమనేదో తెలుసా? "దేవుని కృప." అంతే. మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నిలబడేది. ఆయాసమా అక్కా అంటే, దేవుని కృప, నడువు నడువు అనేది. నాకప్పుడు అందులో ఏమీ కనిపించలేదు. పెద్దవాళ్లు అలాగే అంటారు కదా అనుకున్నాను.

తొమ్మిదో నెలలో ఆమె సెలవు మీద ఊరికి వెళ్లాల్సి వచ్చింది. టికెట్ ఎప్పుడో తీసుకున్నది, కొడుకు ఎదురు చూస్తున్నాడు. నీ నొప్పుల వేళకు వచ్చేస్తానంది. వెళ్లేముందు మస్తాన్‌ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. "అల్లుడుగారూ, ఇది నోరు తెరిచి ఏదైనా చెప్పిందంటే మీరు బండి తియ్యడమే. ఎదురు ప్రశ్న వెయ్యొద్దు." మస్తాన్ చేతులు కట్టుకుని అట్లనే అక్కా అన్నాడు.

ఆమె వెళ్లాక వచ్చిన శుక్రవారం. నమాజు నుంచి మస్తాన్ వచ్చాడు, అన్నాలు తిన్నాం. నేను ఎడమవైపు తిరిగి పడుకుని పొట్ట మీద చెయ్యి వేశాను. రోజూ ఆ వేళకు ఇల్లు పీకి పందిరి వేసే పిల్ల, ఉలుకూ పలుకూ లేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. లేచి చల్లటి నీళ్లు తాగాను, రెండు ఖర్జూరాలు తిన్నాను, మళ్లీ పడుకున్నాను. ఒక్కసారి మెల్లగా కదిలినట్టు అనిపించింది. అది కదలికో, నా ఆశో తెలియలేదు. అమ్మకు ఫోన్ చేశాను. "నెలలు నిండినాక బిడ్డ మెదలడం తగ్గిస్తాదిలేమ్మా. కాన్పుకు దగ్గిర పడినట్టు" అంది అమ్మ. మస్తాన్ ఊపిరి పీల్చుకున్నాడు. నాకూ ఆ మాట నమ్మాలనే ఉంది. అమ్మ మాట, అందులోనూ నాకు హాయినిచ్చే మాట.

"ఏం చేద్దాం? సాయంత్రందాకా చూద్దామా?" అన్నాడు మస్తాన్.

"నాకు రోజూ ఉన్నట్టు లేదు. పోదాం" అన్నాను. జీవితంలో మా అమ్మ మాట కాదని నేను లేవడం అదే మొదలు. మస్తాన్ నా మొహం ఒకసారి చూశాడు. ఎదురు ప్రశ్న వెయ్యలేదు. సంచీ భుజాన వేసుకుని బండి తాళాలు తీశాడు.

ఆస్పత్రిలో ఆడవాళ్ల కౌంటరు దగ్గర మస్తాన్ ఆగిపోవాల్సి వచ్చింది. లోపల ఫిలిప్పీన్స్ నర్సు నవ్వుతూ "కైఫ్ హాలిక్?" అంది. ఎలా ఉన్నావని. నా నోరు దానంతటదే తెరుచుకుని "అల్‌హమ్దులిల్లా" అంది! ఆ పిల్ల సంతోషంగా తల ఊపి, కుర్చీల వైపు చెయ్యి చూపించి, నా వెనకామెను పిలిచింది. నేను వెళ్లి కూర్చున్నాను. అవును, కూర్చున్నాను. నల్లటి అబాయాలు వేసుకున్న ఆడవాళ్ల మధ్య నేనొకదాన్ని. అందరికీ నొప్పులు, అందరూ ఓపిగ్గా ఉన్నారు. నేనొక్కదాన్ని లేచి గోల చేస్తే ఏమనుకుంటారో అని మొహమాటం. చెయ్యి మాత్రం పొట్ట మీదే ఉంది. ఆ చేతి కింద ఏమీ లేదు. సరే, అది దేవుడికి, ఇప్పుడు నాకు చెప్పు అని దీనక్క గొంతు చెవిలో వినిపించింది.

లేచాను. కౌంటరు దగ్గరికి వెళ్లి, వరసలో ఉన్నామెను పక్కకు జరిపి, ఆ నర్సు మణికట్టు పట్టుకున్నాను. "అల్‌హమ్దులిల్లా. లాకిన్..." అన్నాను. కానీ అనే ఆ చిన్న మాట మస్తాన్ పనిలో మాట్లాడుతుంటే విన్నదే. "లాకిన్ హరకా గలీల్! నిన్న బాగుంది, ఈ రోజు హరకా గలీల్!" సగం అరబ్బీ, సగం తెలుగు, గొంతు ఎంత పెద్దదైందో నాకే తెలియదు. హాల్లో అందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. మరుక్షణం నేను చక్రాల కుర్చీలో ఉన్నాను.

తర్వాతంతా వేగంగా జరిగింది. పొట్టకు పట్టీ కట్టి మిషన్ పెట్టారు. గుండె చప్పుడు వినిపించింది గానీ, నడవాల్సినట్టు నడవడం లేదది. మధ్య మధ్య నెమ్మదించేది, మళ్లీ పుంజుకునేది. డాక్టరమ్మ నా తల మీద చెయ్యి వేసి ఆపరేషన్ చెయ్యాలి, ఇప్పుడే అంది. మస్తాన్ తలుపు బయటే ఉండిపోయాడు. వింతేమిటంటే, నేను అంతగా భయపడ్డ ఒంటరితనం అక్కడ లేదు. దీనక్క చెప్పినట్టే ఉంది ఆ గది. మంచం అక్కడే ఉంది, దీపం అక్కడే ఉంది. మేడ మీద నేర్చుకున్న నొప్పుల పాఠాలన్నీ వృథా అయ్యాయి, ఒక్క నొప్పి కూడా రాకుండానే. ఊపిరి మాత్రం పనికొచ్చింది. వెన్నులో సూది వేసేటప్పుడు వంగి కూర్చుని, పెదాలు చుట్టి, లేని కాఫీని ఊదుకుంటూ ఉన్నాను. కాసేపటికి తెర అవతల పిల్లి కూనలాంటి ఏడుపు. ఆడపిల్ల. సన్నగా, ఎర్రగా, బోలెడంత జుట్టుతో. ఆనందం ఆపుకోలేక నేనూ ఏడ్చేశాను. మర్నాడు డాక్టరమ్మ వచ్చి, రేపు వద్దామనుకుని ఉంటే, అంటూ మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యకుండా బిడ్డ బుగ్గ నిమిరి వెళ్లిపోయింది. బిడ్డకు మొదట చుట్టింది దీనక్క చీర ముక్కే.

ఫోన్‌లో దీనక్క అడిగింది బిడ్డ ఎవరి పోలిక అని కాదు.

"చెప్పావా?"

"చెప్పినాక్కా."

"గట్టిగా చెప్పావా?"

"అందరూ తిరిగి చూసినారు."

ఆమె పెద్దగా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయి, ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. వారం తిరిగేసరికి పెట్టె నిండా సామానుతో దిగింది. వాము, శొంఠి, బెల్లం వేసి దంచిన కాయం ఉండలు, మా అమ్మ ఆమెకు పార్సిల్ పంపిన వెల్లుల్లి కారం. అవి కాక ఇక్కడి ఎర్ర బియ్యం. "మీ అమ్మ కారం, మా ఊరి కాయం, ఈ ఊరి బియ్యం. మూడు పుట్టిళ్లే నీకు, ఇంకేం కావాలి?" అంటూ జావ కాచి, దగ్గర కూర్చుని తాగించింది. బిడ్డకు మరియం అని పేరు పెట్టుకున్నాం. దీనక్క మాత్రం మరియమ్మా అనే పిలిచేది, తన ఒళ్లో నలుగు పెట్టి కాళ్లు సాగదీస్తూ. రెండు పిలుపులకూ పలికేది మా పిల్ల.

మరియం బడికి పోయే వయసుకు దీనక్క ఉద్యోగం వదిలి, ఇక్కణ్నుంచి పూర్తిగా వెళ్లిపోయింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆదివారం చర్చి అయ్యాక ఆమె చేసేది. ఎలా ఉన్నావక్కా అంటే దేవుని కృప అనేది. ఆ మాట నేను వందసార్లు విని ఉంటాను. ఒకసారి మాత్రం ఆ రెండు ముక్కల మధ్య ఊపిరి తీసుకుంది. నాకు మేడ మెట్లు గుర్తొచ్చాయి. ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డ మనిషి కళ్ల ముందు మెదిలింది.

"సరే అక్కా. అది దేవుడికి. ఇప్పుడు నాకు చెప్పు" అన్నాను.

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత చెప్పింది. రొమ్ములో గడ్డ ఉందని. చాలా నెలలుగా ఉందని. కొడుక్కి చెప్పలేదు, చర్చిలో ఎవరికీ చెప్పలేదు.

"నర్సువి కదక్కా, నీకు తెలియదా?" అన్నాను. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"తెలుసు గనకే చెప్పలేదే" అంది.

"కొడుక్కి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"గొప్పదానివే. నా మంత్రం నామీదే వేస్తావా?" అని, ఆ సాయంత్రమే తనే చెప్పింది. ఆపరేషన్ చేశారు, మందులెక్కించారు. ముందే తెలిసుంటే ఏమయ్యేదో నేను ఆలోచించను, ఆలోచిస్తే అన్నం సహించదు. కానీ ఆమెకు కొంత కాలం దొరికింది. కొడుకు పెళ్లి దగ్గరుండి చేసింది. బోడితల మీద పట్టుచీర కొంగు కప్పుకుని దిగిన ఫోటో పంపి, కింద "పెళ్లికూతురెవరో చెప్పు" అని రాసింది. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది.

చివరిసారి మాట్లాడినప్పుడు ఎలా ఉన్నావని అడిగాను. "దేవుని కృప" అంది. ఈసారి నేను మళ్లీ అడగకముందే తనే అంది, "నొప్పిగా ఉందే. భయంగా కూడా ఉంది." నా దగ్గర మందు లేదు. "వింటాండా అక్కా" అన్నాను. ఆమె చెప్తూ ఉంది, నేను వింటూ ఉన్నాను. అలసిపోయి నిద్రలోకి జారుకునేదాకా ఫోను పెట్టలేదు. ఆమె పోయేలోగా ఒక్కసారి చూడాలని ఎంత ఉన్నా వెళ్లలేకపోయాను. ఆ బాధ నాకు ఉంది, ఉంటుంది.

ఈ పొద్దు అడుగంటిన జావ పారబోసి, మళ్లీ కొత్తగా కాచాను. వెల్లుల్లి కారం ఒక చిన్న గిన్నెలో పెట్టుకుని కింది అంతస్తుకు దిగాను. శిరీష మంచం మీద కూర్చుని ఉంది. పక్కన బిడ్డ, ఉతికిన బట్టల కుప్ప, వీడియో కాల్‌లో వాళ్ల అత్తగారు. నన్ను చూసి ఫోన్ పెట్టేసి, గబగబా జుట్టు సవరించుకుని నవ్వింది.

"ఎట్లుండావమ్మా?" అన్నాను.

"మంచిగనే ఉన్న ఆంటీ. ఏం పరేషాన్ లేదు."

గిన్నె పక్కన పెట్టాను. బట్టలు కొంచెం జరిపి మంచం మీద కూర్చున్నాను. ఆమె మొహంలోకి చూశాను.

"సరే. ఆ మాట మీ అత్తమ్మకు. ఇప్పుడు నాకు చెప్పు."

ఆ పిల్ల నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత ఉతికిన గుడ్డ ఒకటి మడత పెట్టబోయి వదిలేసింది. "నిద్ర వస్తలేదు ఆంటీ. వీడు ఏడిస్తే నాకు గూడ ఏడుపొస్తుంది. ఎందుకో తెలుస్తలేదు" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. జావ చల్లారిపోతుంది, పోనీ, మళ్లీ వేడి చేసుకోవచ్చు అనుకుని వింటూ కూర్చున్నాను.